అమెరికాలో జోడీ కట్టి దిగుతారు, మన దగ్గర ఎవరి ఎన్నిక వాళ్లది: ఇల్లూరు రాష్ట్రపతి కథ

మొన్న అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతుంటే, పక్కన డిగ్రీ పిల్లోడు ఒకడు ఫోన్‌లో రీల్ చూసుకుంటూ అడిగాడు: "అన్నా, ఉషా వాన్స్ వాళ్లది మన తెలుగోళ్ల ఇల్లే కదా? వాళ్లాయన్ని వైస్ ప్రెసిడెంట్‌గా ట్రంపే ఏరుకున్నాడంట. మన రాష్ట్రపతి కూడా ఉప రాష్ట్రపతిని అట్లే ఏరుకుంటారా?"

ఏరుకోరు. ఎందుకు ఏరుకోరో చెప్పాలంటే ముందు అమెరికా పోయి, మళ్లీ మన గార్లదిన్నె మండలానికి రావాలి. రండి.

అమెరికాలో ప్రెసిడెంట్ పోటీదారుడు తనతో పాటు ఇంకో మనిషిని జత చేసుకుని దిగుతాడు. ఆ రెండో మనిషినే రన్నింగ్ మేట్ అంటారు. ఓటు ఇద్దరికీ కలిపి ఒకటే. మొదట్లో ఇలా లేదు. ఎక్కువ ఓట్లొస్తే ప్రెసిడెంట్, రెండో స్థానంలో ఉంటే వైస్ ప్రెసిడెంట్. 1796లో అట్లే జాన్ ఆడమ్స్ గెలిస్తే, ఆయన మీద పోటీ చేసిన జెఫర్సనే ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాడు! 1800లో జెఫర్సన్‌కి, ఆయన సొంత పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కి చెరి 73 ఓట్లొచ్చి పెద్ద గొడవైంది. దాంతో 1804లో రాజ్యాంగం మార్చి రెండు పదవులకూ విడివిడిగా ఓటు పెట్టారు. ఆ తర్వాత కూడా చాలా కాలం జతగాణ్ణి పార్టీ పెద్దలే తేల్చేవాళ్లు. 1940లో రూజ్‌వెల్ట్ "హెన్రీ వాలెస్ ఉంటేనే నేను దిగుతా" అని పట్టుబట్టాక, ఎంపిక మెల్లగా పోటీదారుడి చేతికొచ్చింది.

సరే, ఏం చూసి ఏరుకుంటారు? మన చేలో చూడండి. వట్టి చెనక్కాయ ఒక్కటే వేసి ఊరుకోరు, మధ్య మధ్యలో కంది సాళ్లు వేస్తారు. వాన చెనక్కాయను ముంచినా కంది ఎంతో కొంత చేతికొస్తుంది. అమెరికాలో లెక్క కూడా దాదాపు ఇదే: నా దగ్గర లేనిది ఎవరి దగ్గర ఉంది?

1960లో కెనెడీకి 43 ఏళ్లు, ఉత్తరాది మసాచుసెట్స్ వాడు, పైగా క్యాథలిక్. దక్షిణాదిలో ఆయన్ను నమ్మేవాళ్లు తక్కువ. అందుకే టెక్సస్‌కు చెందిన లిండన్ జాన్సన్‌ను తీసుకున్నాడు. సెనేట్‌లో పండిపోయిన మనిషి. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పెద్ద ప్రేమేం లేదు. అయినా టెక్సస్ సుమారు 46 వేల ఓట్ల తేడాతో వాళ్ల ఖాతాలో పడింది. మూడేళ్లకు, 1963 నవంబర్ 22న, అదే టెక్సస్‌లో కెనెడీని కాల్చి చంపారు. జాన్సన్ విమానంలోనే ప్రమాణం చేసి ప్రెసిడెంట్ అయ్యాడు. ఓట్ల కోసం తెచ్చుకున్న మనిషి చేతికి దేశమే వచ్చింది. ఇప్పటిదాకా తొమ్మిది మంది వైస్ ప్రెసిడెంట్లు ఇట్లే మధ్యలో పైకొచ్చారు: ఎనిమిది సార్లు ప్రెసిడెంట్ చనిపోయి, ఒకసారి నిక్సన్ రాజీనామా చేసి.

అందుకే వడపోత గట్టిగా ఉంటుంది. 1972లో మెక్‌గవర్న్ హడావిడిగా థామస్ ఈగిల్టన్‌ను ఎంచుకున్నాడు. ఆయన మానసిక సమస్యకు కరెంట్ షాక్ చికిత్స తీసుకున్నాడని తర్వాత బయటపడింది. 18 రోజుల్లో తప్పించారు. అప్పటి నుంచి లాయర్లు కూర్చుని పన్ను కాగితాలు, ఆరోగ్యం, పాత మాటలు అన్నీ తిరగేస్తారు. 2024లో కమలా హారిస్‌కు ఆ టైమ్ రెండు వారాలే దొరికింది. ఆగస్టు 6న టిమ్ వాల్జ్ పేరు చెప్పింది. ట్రంప్ లెక్క వేరు. వాన్స్‌ది ఒహాయో, అక్కడ ట్రంప్‌కు ముందే బలం ఉంది. 2016లో వాన్స్ ఆయన్ను బాగా తిట్టినవాడు కూడా. నా ఉద్దేశంలో అది కంది సాలు కాదు, వచ్చే ఏడాదికి దాచుకున్న విత్తనం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇక్కడ రాష్ట్రపతికి ఓటేసేది ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. ఉప రాష్ట్రపతికి ఓటేసేది ఎంపీలు మాత్రమే, నామినేటెడ్ వాళ్లతో సహా. రెండు ఎన్నికలు, రెండు తేదీలు. ఇంకో పెద్ద తేడా: రాష్ట్రపతి మధ్యలో చనిపోతే ఉప రాష్ట్రపతి తాత్కాలికంగా బాధ్యతలు చూస్తారంతే. ఆరు నెలల్లోపు మళ్లీ ఎన్నిక జరగాల్సిందే. పార్టీలు మాత్రం కంది సాళ్ల లెక్క మానలేదు. 2017లో ఉత్తరప్రదేశ్ నుంచి కోవింద్, మన నెల్లూరు నుంచి వెంకయ్య నాయుడు. చూశారుగా, ఏరేది రాష్ట్రపతి కాదు, పార్టీ.

ఆ ఏరడం ఎంత కొంప ముంచుతుందో మన నీలం సంజీవరెడ్డి గారికి తెలిసినంత ఎవరికీ తెలియదు. 1913లో ఇల్లూరులో పుట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోయారు. ఉప రాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలికంగా బాధ్యతలు తీసుకున్నారు. ఈయనా తెలుగాయనే, బరంపురంలో పుట్టారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు కూర్చుంది. ఇందిరాగాంధీ జగ్జీవన్ రామ్ అంటే, మెజారిటీ సంజీవరెడ్డి అంది. అప్పుడాయన లోక్‌సభ స్పీకర్, ఆ కుర్చీ వదులుకుని నామినేషన్ వేశారు. పేరు ప్రతిపాదించింది ఇందిరే! కానీ మనసులో ఇష్టం లేదు. గిరి కూడా రాజీనామా చేసి ఇండిపెండెంట్‌గా దిగారు. చివర్లో ఇందిర "అంతరాత్మ చెప్పినట్టు ఓటేయండి" అని పిలుపిచ్చింది. అంటే ఏంటో అందరికీ అర్థమైంది.

మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. సొంత పార్టీ అధికారిక అభ్యర్థి, సొంత ప్రధాని వల్ల ఓడిపోయాడు. నవంబర్‌లో పార్టీయే రెండు ముక్కలైంది. ఆయన అనంతపురం వచ్చేసి సేద్యం చూసుకున్నారు. ఏమప్పా, అంత దెబ్బ తిన్నాక ఎవరైనా మళ్లీ లేస్తారా?

లేచారు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కే పోతే, మిగిలిన ఆ ఒక్కటి, నంద్యాల, జనతా తరఫున ఈయనే గెలిచారు. మళ్లీ స్పీకర్ అయ్యారు. అదే ఏడాది జూలైలో రాష్ట్రపతి ఎన్నికకు 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు, ఈయనది ఒక్కటే నిలిచింది. పోటీ లేకుండా గెలిచిన రాష్ట్రపతి.

మరి ఆయన ఉప రాష్ట్రపతి ఎవరు? బి.డి. జత్తి. ఆయన 1974 నుంచే ఆ కుర్చీలో ఉన్నారు, కాంగ్రెస్ మనిషి. ఆయన పదవీకాలం అయ్యాక 1979 ఆగస్టులో ఎం. హిదాయతుల్లా వచ్చారు, ఆయనకూ పోటీ లేదు. ఇద్దరిలో ఎవరినీ సంజీవరెడ్డి గారు ఏరుకోలేదు. ఇంకో విషయం: 1969లో గిరి రాజీనామా చేశాక రాష్ట్రపతి బాధ్యతలు చూసే ఉప రాష్ట్రపతి కూడా లేకుండా పోయారు. అప్పుడు ఆ నెలరోజులు కుర్చీ చూసుకున్నది సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆ న్యాయమూర్తి ఎవరో కాదు, ఇదే హిదాయతుల్లా గారు.