కమాండ్ లైన్ నుంచి సిస్టమ్‌ను ఆపడం: సమయం, హెచ్చరిక, రద్దు

ఇంట్లో ఒక్కరే వాడుకునే కంప్యూటర్‌ను ఆపడానికి మీరు ప్రత్యేకంగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. మెనూలో గుర్తు నొక్కితే సరిపోతుంది. రేపు ఒక కళాశాల ల్యాబ్‌లోనో, ఆసుపత్రి రికార్డుల విభాగంలోనో లినక్స్ సర్వర్ బాధ్యత మీ చేతికి వస్తే పరిస్థితి వేరు. మీరు ఆపబోయే సమయానికి ఆ యంత్రం మీద ఇరవైమంది పనిచేస్తూ ఉండవచ్చు. వాళ్ళలో ఒక్కరూ మీ ఎదుట ఉండరు. ఊళ్ళో దండోరా వేయించినట్లు వాళ్ళందరికీ ముందుగా చెప్పి, గడువు ఇచ్చి, ఆ తరువాత యంత్రాన్ని ఆపడానికి ఏర్పడినదే షట్‌డౌన్ ఆదేశం.

ఈ భాగంలో ఆదేశాలను తెలుగు లిపిలో ఇస్తున్నాము. మీరు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ఆపేటప్పుడు లోపల జరిగేది

మీరు ఫైలును సేవ్ చేసిన వెంటనే అది డిస్క్ మీదికి చేరుతుందని అనుకుంటాం. నిజానికి కర్నెల్ దాన్ని కొంతసేపు మెమరీలోనే ఉంచి, వీలు చూసుకొని డిస్క్ మీద వ్రాస్తుంది. ఈలోగా ప్లగ్ లాగేస్తే ఆ కొద్దిపాటి సమాచారం పోతుంది. పాత యూనిక్స్ నిర్వాహకులు యంత్రాన్ని ఆపే ముందు ‘సింక్’ అనే ఆదేశాన్ని మూడుసార్లు, మూడు వరుసలలో టైపు చేసేవారు. మూడింటిలో మహిమ ఏమీ లేదు. ఆ టైపు చేసే వ్యవధిలో డిస్క్ తన పని ముగించుకొనేది, అంతే.

నేటి లినక్స్ పంపిణీలలో ఎక్కువ భాగం వాడే సిస్టమ్‌డి ఈ పనిని క్రమపద్ధతిలో చేస్తుంది. నడుస్తున్న ప్రతి ప్రక్రియకూ మొదట ‘ముగించుకో’ అనే సిగ్‌టర్మ్ సంకేతం వెళుతుంది. డేటాబేస్ వంటివి అది అందుకొని, సగంలో ఉన్న పనిని సర్దుకుంటాయి. గడువులోగా ఆగనివాటిని సిగ్‌కిల్ సంకేతంతో బలవంతంగా ఆపుతారు. ఈ గడువు సాధారణంగా 90 సెకన్లు. కొన్ని పంపిణీలలో తక్కువ. చివరకు ఫైల్ వ్యవస్థలను అన్‌మౌంట్ చేసి విద్యుత్తును తీసివేస్తుంది. తెర మీద ‘స్టాప్ జాబ్’ అంటూ సెకన్లు లెక్కపెడుతుంటే విసుగుతో పవర్ బటన్ నొక్కిపట్టకండి. ఏదో ఒక ప్రక్రియ తన లెక్కలు సర్దుకుంటున్నదని దాని అర్థం.

సమయం చెప్పే పద్ధతి

సుడో షట్‌డౌన్ -హెచ్ +15 "సర్వర్ ఆగిపోతుంది, మీ పని భద్రపరచుకోండి"

ఈ ఆదేశంలో ‘సుడో’ నిర్వాహకుడి అధికారాన్ని ఇస్తుంది. ‘-హెచ్’ అంటే ఆపమని. దాని స్థానంలో ‘-ఆర్’ ఉంటే ఆపి తిరిగి ప్రారంభించమని. ‘+15’ అంటే పదిహేను నిమిషాల తరువాత. చివర ఉన్న వాక్యం టెర్మినల్‌లో లాగిన్ అయి ఉన్నవారికి కనిపిస్తుంది. సందేశం పెట్టాలంటే దానికి ముందు సమయం తప్పనిసరిగా ఉండాలి. సమయం ఇవ్వకపోతే సిస్టమ్‌డి ఒక నిమిషం గడువుగా తీసుకుంటుంది. ‘నౌ’ అని ఇస్తే గడువే లేదు.

గడియారపు సమయాన్ని కూడా 24 గంటల పద్ధతిలో 22:30 అని ఇవ్వవచ్చు. ఆ సమయం ఇప్పటికే దాటిపోయి ఉంటే మరుసటి రోజు 22:30కు ఆగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా సర్వర్లు మన భారతీయ సమయాన్ని కాక యూటీసీని పాటిస్తాయి. అటువంటి సర్వర్‌లో మీరు రాత్రి పదిన్నర అనుకొని 22:30 అని ఇస్తే, అది మన తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆగుతుంది. కాబట్టి ముందుగా ‘డేట్’ ఆదేశంతో ఆ యంత్రం గడియారాన్ని, ‘హూ’ ఆదేశంతో ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూడండి.

గడువు ఐదు నిమిషాలకు వచ్చేసరికి వ్యవస్థ ‘నోలాగిన్’ అనే ఫైలును సృష్టిస్తుంది. అప్పటి నుంచి సాధారణ వినియోగదారులెవరూ కొత్తగా లోపలికి రాలేరు. బస్సు కదలబోతుంటే కండక్టరు తలుపు వేసినట్లన్నమాట.

హెచ్చరిక సందేశాన్ని పూర్తిగా నమ్ముకోవద్దని నా సలహా. వెబ్ పేజీ ద్వారా మీ సర్వర్‌ను వాడుతున్నవారికి అది కనిపించదు. వారికి ఫోను చేసో, ముందురోజు నోటీసు పెట్టో చెప్పవలసిందే.

రద్దు, పొరపాట్లు

నిర్ణయం మారితే ‘సుడో షట్‌డౌన్ -సి’ అని టైపు చేయండి, గడువు రద్దవుతుంది. ‘నౌ’ అని ఇచ్చినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేరు. ‘-కె’ అనే ఆప్షన్ హెచ్చరిక పంపుతుంది కానీ యంత్రాన్ని ఆపదు. అభ్యాసానికి అది పనికివస్తుంది, ఇతరులు లేని యంత్రం మీదే సుమా!

విండోస్‌లోనూ ఇదే పేరుతో ఆదేశం ఉంది. అక్కడ ‘/టి 60’ అంటే అరవై సెకన్లు. లినక్స్‌లో ‘+60’ అంటే అరవై నిమిషాలు. పైగా విండోస్‌లో సున్నా కన్నా ఎక్కువ గడువు ఇస్తే, అది తీరగానే తెరిచి ఉన్న ప్రోగ్రాములను బలవంతంగా మూసివేస్తుంది. సేవ్ చేయనిది పోయినట్లే. అక్కడ రద్దుకు ‘/ఎ’ వాడాలి.

నా సొంత పొరపాటు ఒకటి చెబుతాను. ఒక శనివారం సాయంత్రం నా గదిలో రెండు టెర్మినళ్ళు తెరిచి ఉన్నాయి. ఒకటి నా కంప్యూటర్‌ది, రెండవది ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా విభాగపు సర్వర్‌ది. ఇంటికి వెళ్ళే తొందరలో నా యంత్రాన్ని ఆపుతున్నాననుకొని ‘-హెచ్ నౌ’ అని సర్వర్ టెర్మినల్‌లో కొట్టాను. సర్వర్ గదికి తాళం, తాళంచెవితో అటెండరు ఊరికి. సోమవారం ల్యాబ్ రికార్డులు సమర్పించవలసిన విద్యార్థులు ఆదివారమంతా లాగిన్ కాలేకపోయారు. ‘-ఆర్’ అని కొట్టి ఉంటే కొద్ది నిమిషాలలో సర్వర్ దానంతటదే లేచేది. గడువుకు ‘+5’ ఇచ్చి ఉంటే తెర మీది సందేశం చూసి నేనే రద్దు చేసేవాణ్ణి. దూరంగా ఉన్న యంత్రాన్ని ‘-హెచ్’తో ఆపితే, దాన్ని మళ్ళీ వెలిగించే మనిషి అక్కడ ఉండాలి.

ఇటువంటివారి కోసమే డెబియన్‌లో ‘మాలీ-గార్డ్’ అనే ప్యాకేజీ ఉంది. ఎస్‌ఎస్‌హెచ్ నుంచి షట్‌డౌన్ ఇస్తే, ముందు ఆ యంత్రం పేరు టైపు చేయమంటుంది. పేరు తప్పితే ఆపదు. ఒక ప్రోగ్రామర్ కూతురు, మాలీ అనే పసిపాప, ఐబీఎం 4341 యంత్రపు పెద్ద ఎర్ర స్విచ్చిని ఒకే రోజు రెండుసార్లు నొక్కేసిందట. అప్పుడు ఆ స్విచ్చికి అమర్చిన ప్లాస్టిక్ మూతకు పెట్టిన పేరే ఇది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మీ సర్వర్‌లో ‘డేట్’ ఆదేశం 14:10 యూటీసీ అని చూపింది. భారతీయ సమయం రాత్రి 11 గంటలకు సర్వర్ తిరిగి ప్రారంభం కావాలి. ఆదేశాన్ని సందేశంతో సహా వ్రాయండి.

2. పై ఆదేశం ఇచ్చాక ‘హూ’ ఆదేశంలో ఒక వినియోగదారుడు కనిపించాడు. అతడు తన పనికి ఇంకో గంట కావాలంటున్నాడు. మీరు వరుసగా ఇచ్చే ఆదేశాలేవి?