అన్నీ సిద్ధం... మందు తప్ప!

2020 డిసెంబరు 28. కృష్ణా జిల్లా.

వరసగా మూడు గదులు. మొదటి గదిలో దూరందూరంగా వేసిన కుర్చీలు. గుమ్మంలో గుర్తింపు కార్డు చూసేందుకు ఒకరు, లోపల కంప్యూటర్లో పేరు సరిచూసేందుకు మరొకరు. రెండో గదిలో నర్సు, సిరంజీలు, ఐస్‌ప్యాకులు పేర్చిన టీకా పెట్టె. మూడో గదిలో అరగంటసేపు కూర్చోబెట్టి, కళ్లు తిరుగుతున్నాయా, ఆయాసం వస్తోందా అని కనిపెట్టుకుని ఉండేందుకు ఇద్దరు. పేరు పిలిచారు... వెళ్లారు. చెయ్యి చాపారు. నర్సు సూది వేసినట్టు నటించింది. అంతే!

ఎందుకంటే ఆ పెట్టెలో మందు లేదు. అప్పటికి దేశంలో ఒక్క కరోనా టీకాకూ అనుమతే రాలేదు.

దీన్నే డ్రైరన్ అన్నారు. నాటకానికి ముందు రిహార్సల్స్ లాంటిదన్నమాట. ఆ రెండు రోజులూ మన రాష్ట్రంతోపాటు గుజరాత్, పంజాబ్, అస్సాంలలోనూ ఇదే జరిగింది. జిల్లా ఆసుపత్రి, పీహెచ్‌సీ, పట్టణ ఆరోగ్య కేంద్రం, ప్రైవేటు ఆసుపత్రి, పల్లెటూరు... ఇలా రకరకాల చోట్ల చేసి చూశారు. జనవరి 2న దేశమంతటా మళ్లీ చేశారు, చోటికి పాతికమంది సిబ్బందితో. ఆ మర్నాడే కొవిషీల్డ్, కొవాగ్జిన్లకు అనుమతి వచ్చింది. జనవరి 16న, సంక్రాంతి సందడి పూర్తిగా సద్దుమణగకముందే, 3,006 కేంద్రాల్లో అసలు టీకా మొదలైంది.

సూది పొడిచే చోట ఇంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసుకున్న దేశం... సరిగ్గా నాలుగు నెలలకు, అన్నీ ఉండి మందు లేక టీకా కేంద్రాలకు తాళాలు వేసుకుంది. ఎక్కడొచ్చింది తేడా?

ఎన్నికల బూత్‌లాగే...

టీకా పథకానికి రూపురేఖలు గీసే పని 2020 ఆగస్టులోనే మొదలైంది. నీతి ఆయోగ్ సభ్యుడు డాక్టర్ వి.కె.పాల్ అధ్యక్షుడిగా, కేంద్ర ఆరోగ్యశాఖ కార్యదర్శి సహాధ్యక్షుడిగా ఒక జాతీయ నిపుణుల బృందం వేశారు. ఎవరికి ముందు, ఎవరికి తరవాత... ఇదీ వాళ్ల ముందున్న మొదటి చిక్కు. ఆసుపత్రుల్లో పనిచేసే కోటిమంది, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికుల్లాంటి మరో రెండు కోట్లమంది, ఆపైన యాభయ్యేళ్లు దాటినవాళ్లూ చిన్నవయసులోనే జబ్బులున్నవాళ్లూ కలిపి 27 కోట్లు. మొత్తం 30 కోట్లమంది తొలి వరసలో నిలిచారు.

పిల్లల టీకాలయితే మనకు కొత్త కాదు. 1985 నుంచీ సార్వత్రిక టీకా కార్యక్రమం నడుస్తోంది. పల్స్ పోలియో ఆదివారాలు గుర్తున్నాయిగా! 1995లో మొదలుపెట్టి, 2014లో పోలియో లేని దేశం అనిపించుకున్నాం. కానీ పెద్దవాళ్లకు టీకా వేసిన అనుభవం? దాదాపు లేదు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో బిడ్డ పుట్టిందో ఏఎన్ఎం రిజిస్టరులో ఉంటుంది. ఏ ఇంట్లో తాతయ్యకు షుగర్ ఉందో ఎవరి దగ్గరా లేదు. అందుకే ఎన్నికల దారి పట్టారు. యాభై దాటినవాళ్లను గుర్తించేందుకు ఓటర్ల జాబితా. టీకా కేంద్రం పోలింగ్ బూత్‌లాగా. ఐదుగురు సిబ్బంది. రోజుకు వందమంది. చివరికి వేలికి సిరా బదులు సెల్‌ఫోన్‌కు సందేశం!

రెండు నుంచి ఎనిమిది

ఈ పథకంలో నిజంగా మెచ్చుకోవలసిన భాగం జనానికి కనిపించనిది. అదే కోల్డ్ చైన్.

కొవిషీల్డ్‌ను, కొవాగ్జిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఎండ తగిలినా, గడ్డకట్టినా పనికిరావు. పుణెలో తయారైన కొవిషీల్డ్ విమానమెక్కి గన్నవరంలో దిగేది. అక్కడి రాష్ట్ర నిల్వ కేంద్రం నుంచి ఇన్సులేటెడ్ వ్యాన్లలో జిల్లాకు. జిల్లా నుంచి పీహెచ్‌సీకి. తెలంగాణకయితే హైదరాబాద్ కోఠీ నుంచి ఈ ప్రయాణం. పీహెచ్‌సీలో దాన్ని ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్లో పెట్టేవారు. చూడ్డానికి శీతల పానీయాలమ్మే కొట్లో పెట్టెలాగే ఉంటుంది. తలుపు పైకి తెరుచుకుంటుంది కాబట్టి చల్లదనం ఒలికిపోదు. గోడల్లో మంచు ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా గంటల తరబడి కాపాడుతుంది. మన పల్లెల సంగతి తెలిసినవాళ్లెవరో చేసినట్టుంటుంది! ఆఖరి మజిలీ... ఏఎన్ఎం భుజాన వేలాడే చిన్న పెట్టె, అందులో నాలుగు ఐస్‌ప్యాకులు.

అప్పటికి దేశంలో ఇలాంటి కోల్డ్ చైన్ కేంద్రాలు 29 వేల దాకా ఉండేవి. 45 వేల ఐస్‌లైన్డ్ రిఫ్రిజిరేటర్లు, 41 వేల డీప్ ఫ్రీజర్లు, కరెంటు సరిగా లేనిచోట్ల సౌరశక్తితో నడిచే 300 ఫ్రిజ్‌లు వాడబోతున్నట్టు 2020 డిసెంబరులో కేంద్రం లెక్క చెప్పింది. ఏ పెట్టెలో ఎన్ని సీసాలున్నాయో, ఎంత చల్లగా ఉందో ఎప్పటికప్పుడు ఫోన్లో చూపించే ఈవిన్ అనే వ్యవస్థ అప్పటికే ఉంది. మైనస్ 70 డిగ్రీలు కోరే ఫైజర్ టీకాను మొదట్లో తెచ్చుకుని ఉంటే ఈ ఏర్పాట్లేవీ అక్కరకు వచ్చేవి కావు.

ఇక నర్సు అవస్థ. కొవిషీల్డ్ సీసాలో పది డోసులు. మూత తెరిచాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి. సాయంత్రం వేళ ముగ్గురే వచ్చారనుకోండి... తెరవాలా, వద్దా? తెరిస్తే ఏడు డోసులు వృథా. తెరవకపోతే ఆ ముగ్గురూ రేపు మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. ఢిల్లీలో రాసిన మార్గదర్శకాలు ఎన్ని పేజీలున్నా, ఈ నిర్ణయం మాత్రం పీహెచ్‌సీలో నిలబడ్డ ఆ అమ్మాయిదే. కేరళ నర్సులయితే సీసా అడుగున మిగిలే ఆ కాస్త మందునూ పదకొండో డోసుగా తీసి, వచ్చిన డోసులకన్నా ఎక్కువ వేసి చూపించారు. ప్రధానమంత్రి కూడా వాళ్లను మెచ్చుకున్నారు.

బియ్యం మరిచిన పెళ్లి

పందిరి వేశారు, వంటవాళ్లను పిలిచారు, విస్తళ్లు పరిచారు. మరి బియ్యం?

జనవరిలో కేంద్రం పెట్టిన మొదటి ఆర్డరు: కొవిషీల్డ్ కోటీ పది లక్షల డోసులు, పన్ను కాక రెండొందల రూపాయల చొప్పున. కొవాగ్జిన్ 55 లక్షలు, అందులో 16.5 లక్షలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. రెండూ కలిపి 1.65 కోట్లు. తొలి వరసలో నిలబెట్టిన మూడు కోట్ల సిబ్బందికే రెండేసి చొప్పున ఆరు కోట్లు కావాలి!

అదే సమయంలో బ్రిటన్, అమెరికా ఏం చేశాయి? 2020 మధ్యనుంచే, టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే, ఒకటి కాకపోతే మరొకటైనా గెలుస్తుందని అరడజను కంపెనీలకు ముందస్తు ఆర్డర్లు పెట్టుకున్నాయి. కొన్ని పందేలు ఓడతాయని తెలిసే కాశాయి.

మనవాళ్ల ధీమాకూ కారణం లేకపోలేదు. ప్రపంచంలో ఎక్కువ టీకాలు తయారుచేసే దేశం మనదే. సీరమ్ సంస్థ సొంత పూచీ మీద కోట్ల డోసులు ముందే తయారుచేసి పెట్టుకుంది. ఫిబ్రవరి నాటికి రోజువారీ కేసులు పదివేల చుట్టూ తిరుగుతున్నాయి. పోయింది మహమ్మారి అనుకున్నారు జనం. నాయకులూ అనుకున్నారు. జనవరి 20 నుంచి విదేశాలకూ టీకాలు వెళ్లాయి, ఏప్రిల్ నాటికి ఆరు కోట్లకు పైగా.

విచిత్రమేంటంటే, ఆ రెండు నెలలూ కొరత మందుకు కాదు... చేతులకు! వైద్య సిబ్బందే వెనకాడారు. దానికీ కారణం ఉంది. హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు మూడో దశ పరీక్షల ఫలితాలు రాకుండానే అనుమతి ఇచ్చారు. అది వేయించుకునేవాళ్లచేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. రెండిట్లో ఏది కావాలో ఎంచుకునే వీలూ లేదు. మార్చి 3న 81 శాతం పనిచేస్తోందన్న మధ్యంతర ఫలితం వచ్చింది. జులైలో పూర్తి ఫలితం 77.8 శాతంగా తేలింది. టీకా మంచిదే. కానీ ఫలితం ముందు వచ్చి అనుమతి తరవాత వచ్చి ఉంటే, ఆ తొలి వారాల అనుమానం సగం తగ్గేది.

మే నెల

మార్చి 1న అరవై దాటినవాళ్లకు, ఏప్రిల్ 1న నలభై అయిదు దాటిన అందరికీ తలుపులు తెరిచారు. ఆ ఏప్రిల్లోనే రెండో అల విరుచుకుపడింది. మే తొలివారంలో రోజుకు నాలుగు లక్షలకు పైగా కేసులు. ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగులు. అప్పటిదాకా టీకా వద్దన్నవాళ్లు కూడా టీకా కేంద్రానికి పరిగెత్తారు.

సరిగ్గా అప్పుడే, మే 1 నుంచి పద్దెనిమిదేళ్లు దాటిన అందరూ అర్హులే అని ప్రకటించారు. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేస్తే చాలు. దేశంలో పద్దెనిమిది దాటినవాళ్లు 94 కోట్లు. రెండేసి డోసులంటే 188 కోట్లు. రెండు కంపెనీలూ కలిసి అప్పటికి నెలకు తీస్తున్నది ఏడెనిమిది కోట్లు. అంటే... రెండేళ్లు!

పైగా ఒకే టీకాకు మూడు ధరలు. కొవిషీల్డ్ కేంద్రానికి 150, రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆసుపత్రులకు 600. కొవాగ్జిన్ రాష్ట్రాలకు 400, ప్రైవేటుకు 1,200. పద్దెనిమిది నుంచి నలభై నాలుగేళ్లవాళ్లకు రాష్ట్రాలే కొనుక్కోవాలన్నారు. తెలుగు రాష్ట్రాలు రెండూ అంతర్జాతీయ టెండర్లు పిలిచాయి. గడువు ముగిసినా ఒక్క కంపెనీ రాలేదు. కేంద్రంతోనే మాట్లాడతాం, రాష్ట్రాలతో కాదు అన్నాయి ఫైజర్, మోడెర్నా. ఒకే సరుకు కోసం ఒకే దేశంలోని రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీ పడాల్సి రావడం ఎవరికి తట్టిన ఆలోచనో కానీ, అమ్మేవాళ్లకు తప్ప ఎవరికీ లాభించేది కాదు.

స్లాటు బుక్ చేసుకోవడం మరో ప్రహసనం. కొవిన్‌లో పేరు నమోదుకు తలుపులు తెరిచిన ఏప్రిల్ 28న ఒక్కరోజే కోటిమందికి పైగా నమోదయ్యారు. ఆ తరవాత రాత్రీ పగలూ ఫోన్ చేతిలో పట్టుకు కూర్చోవడమే. స్లాట్లు కనిపించిన క్షణాల్లో మాయం. నగరంలో కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు ఎక్కడో పల్లెలో స్లాటు దొరకబుచ్చుకుని కారేసుకు వెళ్లి వేయించుకొచ్చారు. ఆ పల్లెలో బటన్ల ఫోన్ ఉన్న కూలీ మాత్రం తన ఊరి పీహెచ్‌సీ ముందు నిలబడి, వాళ్లు వచ్చి వెళ్లడం చూశాడు. కొవిన్ తెలుగులో చదువుకునే వీలు జూన్ దాకా రాలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మేలో కొన్నాళ్లు మొదటి డోసు ఆపేశారు. ఉన్న కాస్తా రెండో డోసువాళ్లకే. మే 13న కొవిషీల్డ్ డోసుల మధ్య విరామాన్ని 12 నుంచి 16 వారాలకు పెంచారు. విరామం ఎక్కువుంటే రక్షణ మెరుగని బ్రిటన్ అనుభవం చెబుతోందన్నారు. అది నిజమే. అయినా, మందు లేనప్పుడే ఈ మాట గుర్తొచ్చిందేమిటి అని జనం అడిగారు. అడగరా మరి?

మే 31న సుప్రీంకోర్టు ఆ వయసువారి టీకా విధానం పైకి చూడగానే ఏకపక్షంగా, అహేతుకంగా ఉందంది. బడ్జెట్‌లో టీకాలకు కేటాయించిన 35 వేల కోట్లు ఎలా ఖర్చు పెట్టారో చెప్పమంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల సంగతేంటని కూడా అడిగింది. జూన్ 7న ప్రధానమంత్రి విధానం మార్చారు. జూన్ 21 నుంచి 75 శాతం డోసులు కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇచ్చింది.

మందు వస్తే...

ఒక్కసారి మందు రావడం మొదలయ్యాక, డిసెంబరులో నటించి చూసిన ఆ మూడు గదులు ఏం చేయగలవో తెలిసింది. జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. సచివాలయాల దగ్గర వాలంటీర్లు జాబితాలు పట్టుకుని, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పిలుచుకొచ్చారు. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకు ముందు వేయాలన్నది ఈ రాష్ట్రం సొంతంగా తీసుకున్న నిర్ణయం. మూడో అలలో పిల్లలు ఆసుపత్రి పాలయితే పక్కన ఉండాల్సింది అమ్మే కదా! తెలంగాణ మరో దారి పట్టింది. రేషన్ డీలర్లు, గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్లు, ఆటో డ్రైవర్లు... రోజూ పదిమందితో మసిలేవాళ్లను ముందు పిలిచింది. ఈ రెండూ ఢిల్లీ మార్గదర్శకాల్లో లేవు. ఊరి సంగతి ఊరికే తెలుస్తుంది మరి.

సెప్టెంబరు 17న దేశంలో ఒక్కరోజే రెండున్నర కోట్ల డోసులు. అక్టోబరు 21కి వంద కోట్లు. 2022 జులై 17కి రెండొందల కోట్లు.

ముందస్తు ఆర్డరు పాఠం కూడా ఒంటబట్టింది, కాకపోతే ఆలస్యంగా. 2021 జూన్‌లో హైదరాబాద్ సంస్థ బయోలాజికల్-ఇ తయారుచేస్తున్న కార్బెవ్యాక్స్ ఇంకా పరీక్షల దశలో ఉండగానే, 1,500 కోట్లు ముందే ఇచ్చి 30 కోట్ల డోసులు కేటాయించుకుంది కేంద్రం. ఏడాది ముందు చేయాల్సిన పని అది. దానికి అనుమతి వచ్చింది డిసెంబరు ఆఖరులో. 2022 మార్చి 16న 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేయడం మొదలుపెట్టారు. అప్పటికి వాళ్ల అమ్మానాన్నల్లో చాలామందికి రెండు డోసులూ అయిపోయాయి.