బాతుపిల్లలూ, దోమలూ, మన పిల్లల జ్వరమూ

వరి కోతలయ్యాక గోదావరి జిల్లాల పొలాల్లోకి వందలాది బాతులను తోలుకొచ్చేవారిని మనలో చాలామంది చూసే ఉంటారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటికి మేత. చెరువు పక్క ఇళ్లలో నాలుగు బాతులు పెంచుకోవడమూ మనకు కొత్త కాదు. దోమకాటు వల్ల మనుషులకు జబ్బులు వస్తాయని అందరికీ తెలుసు. బాతులకూ వస్తాయన్నది కొద్దిమందికే తెలుసు.

2010లో చైనాలో బాతుల మందలకు ఒక వింత జబ్బు సోకింది. గుడ్లు పెట్టే బాతులు ఉన్నట్టుండి గుడ్లు తగ్గించేశాయి. ఈ జబ్బు పట్టిన పిల్లలు సరిగా నడవలేక తూలి పడిపోతాయి, కాళ్లు చచ్చుబడతాయి. దీనికి కారణం టెంబుసు అనే వైరస్. 1955లోనే మలేషియాలో క్యూలెక్స్ దోమల్లో దీన్ని కనుగొన్నారు.

ఆ వైరస్‌కు దగ్గర బంధువే మనల్ని భయపెట్టే జపనీస్ మెదడువాపు వైరస్. మన దేశంలో దీని జాడ 1955లో వెల్లూరు ప్రాంతంలో బయటపడింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ జ్వరం ప్రబలి పసిప్రాణాలను బలిగొంది.

ఈ వైరస్ ముఖ్యంగా కొంగల్లోనూ, పందుల్లోనూ పెరుగుతుంది. బాతుపిల్లల్లోనూ పెరుగుతుందని ప్రయోగాల్లో తేలింది. గుడ్డులోంచి వచ్చి కొద్ది రోజులే అయిన పిల్లల రక్తంలో వైరస్ ఎక్కువగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. చాలా పక్షులు పైకి ఆరోగ్యంగానే కనబడతాయి. అలాంటి దాన్ని కుట్టిన దోమ కొన్నాళ్లకు మన బిడ్డను కుడితే వైరస్ బిడ్డకు చేరుతుంది. మనిషి రక్తంలో వైరస్ తక్కువ కనుక అక్కడితో గొలుసు తెగుతుంది. రోగి నుంచి మరొకరికి ఇది అంటుకోదు. బాగా వండిన బాతు మాంసం, ఉడికించిన గుడ్డు తింటే రాదు. కాబట్టి బాతులను చంపుకోనక్కర లేదు, దోమను దూరం పెట్టాలి.

ఈ దోమలు వరిమడుల్లో, నిలవ నీటిలో పుడతాయి, సాయంత్రం నుంచి తెల్లవారేదాకా కుడతాయి. పొలాల నీరంతా తీసేయలేం కదా! అందుకే ఈ జాగ్రత్తలు:

1. బాతులను, పందులను పడక గదులకు దూరంగా ఉంచండి. బాతుపిల్లల గూటికి సన్నని వల కట్టండి.

2. పిల్లలను దోమతెరలో పడుకోబెట్టండి. సాయంత్రం ఒళ్లు కప్పే బట్టలు తొడగండి.

3. ఈ జబ్బు ఉన్న జిల్లాల్లో తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, 16–24 నెలల మధ్య మరోసారి టీకా వేస్తారు. మీ ఊరి ఏఎన్ఎమ్‌ను అడిగి తెలుసుకోండి.

4. బాతుపిల్లలు తూలుతున్నా, వరుసగా చనిపోతున్నా పశువైద్యునికి చెప్పండి.

వైరస్ సోకినవారిలో సుమారు 250 మందిలో ఒకరికే జబ్బు ముదురుతుంది. కానీ అలా మెదడువాపు వచ్చినవారిలో నూటికి 30 మంది దాకా చనిపోవచ్చు. బతికినవారిలో నూటికి 30 నుంచి 50 మందికి మాట, నడక, తెలివి దెబ్బతిని శాశ్వత లోపం మిగలవచ్చు. వైరస్‌ను చంపే ప్రత్యేక మందు లేదు. వేళకు అందే వైద్యమే ఆధారం.

తీవ్ర జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, ఫిట్స్, మగత, మాట తడబడటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి బిడ్డను నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి చేర్చండి. ఈ నాలుగు ముక్కలు చదువురాని పొరుగింటి తల్లికి కూడా చెప్పండి. ఆమె బిడ్డకూ అదే దోమ.