మూడు మజిలీలు

"బస్సులో వెళ్ళి వచ్చేవాడికి మల్లన్న కనబడతాడేమోగాని, శ్రీశైలం కనబడదోయ్!" అన్నారు మా బావగారు, సంక్రాంతినాడు అరిసె కొరుకుతూ. శివరాత్రికి నల్లమల దారిన నడిచి వెళ్ళాలన్న సంకల్పం అలా పుట్టింది.

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఆ దారి పుస్తకాలలో కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమంతా శ్రీశైలానికే ఇచ్చాడు. 14వ శతాబ్దిలో కొండకు మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి మన ఎర్రాప్రగడను పోషించిన ప్రభువే. కాని పుస్తకంలో నడిస్తే కాళ్ళు నొప్పెట్టవు గదా!

కన్నడదేశపు భక్తులు ఉగాదికి వందల మైళ్ళు నడిచి వస్తారు. వారికి భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. అంత నడక మావల్ల అయ్యేది కాదు. అందుచేత ఆ దారిలో చివరి భాగం ఎంచుకొన్నాము. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంనుంచి సుమారు నలభై కిలోమీటర్ల పైచిలుకు అడవి. కుర్రవాళ్ళు రెండు రోజులలో ముగిస్తారు. మేము మూడు రోజులు పెట్టుకొన్నాము. మొదటి మజిలీ నాగలూటి, రెండవది పెద్దచెరువు. మూడవనాడు భీమునికొలను లోయలోకి దిగి, ఎదుటి కొండ మెట్లెక్కి, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం.

ఇది పులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి మాత్రమే అటవీశాఖవారు యాత్రికులను నడవనిస్తారు. పగటిపూటే, గుంపుతోనే నడవాలి. నిప్పు రాజెయ్యరాదు. దోర్నాల అడవిదారిలో రాత్రులు బండ్లు ఆపుతారు గనుక, తిరువూరులో తెల్లవారుజామునే బయలుదేరాలని నిశ్చయించాము.

ఇక మూట. అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం, ఒక దుప్పటి, టార్చిలైటు, ఉప్పు-చక్కెర పొట్లాలు, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. మొత్తం ఆరు కిలోలు మించరాదన్నాను. బావగారు రహస్యంగా ఆవకాయ జాడీ కట్టుకొన్నారు. తూచి, తీయించాను.

అసలు చిక్కు జాడీ కాదు. బావగారికి యాభై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ క్రిందట గుండెలో స్టెంటు వేశారు. "నువ్వు పక్కనుంటావనే పంపుతున్నాను తమ్ముడూ" అన్నది మా అక్కయ్య.

అందుకని ముందు మా ఊరి మామిడితోటల వెంబడి సాధన మొదలుపెట్టాము. వీపున బియ్యం మూటతో రోజుకు పదిహేను కిలోమీటర్లు. మొదటిరోజు బావగారే ముందు నడిచారు. రెండవనాడు చిన్న మిట్ట ఎక్కుతూ గట్టుమీద కూలబడి, ఛాతీమీద చెయ్యి వేసుకొన్నారు. నా గుండె జారిపోయింది. కాసేపటికి తేరుకొని, "అక్కయ్యతో చెప్పకు" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్రలేదు. చెబితే ఆయన ముచ్చట తీరదు. చెప్పకపోతే, భీమునికొలనులో ఇదే జరిగితే, మంచెం దొరకదు, మందు దొరకదు. తెల్లవారగానే అక్కయ్యకు చెప్పేశాను. డాక్టరుగారు పరీక్షచేసి, చదునునేల మీద నిదానంగా నడవవచ్చునుగాని కొండ ఎక్కరాదన్నారు. బావగారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అయిదవనాడు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర పట్టుకొని వెళ్ళాను. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరిన ఆయన, ఆత్మకూరు మీదుగా ఈ శ్రీశైలం దారినే వెళ్ళాడు. ఎక్కడ దిగవచ్చు, ఎక్కడ ఏమి దొరుకుతుంది అని మజిలీ మజిలీకీ వ్రాసిపెట్టాడు. చదివి వినిపించాను.

"నడిచాడా?" అన్నారు బావగారు.

"పల్లకీలో వెళ్ళాడండీ. బోయీలు మోశారు."

ఆయన ఫక్కున నవ్వారు. "అంతటివాడే మోయించుకొంటే, నేను బస్సెక్కితే తప్పేమిటోయ్!"

ఇప్పుడు మా పథకం మారింది. నేను గుంపుతో వెంకటాపురంనుంచి నడుస్తాను. బావగారు, అక్కయ్య మూడవనాటికి బస్సులో శ్రీశైలం చేరి, ఆటోలో హాటకేశ్వరం దాకా వచ్చి, అక్కడినుంచి డాక్టరుగారు ఒప్పుకొన్న మేరకు నాకు ఎదురు నడుస్తారు. కన్నడ భక్తులది వందల మైళ్ళు, నాది మూడు మజిలీలు, ఆయనది గుప్పెడు అడుగులు. మల్లన్న దగ్గర ఈ కొలతలు చెల్లవనుకొంటాను.

నిన్న మూట మళ్ళీ తూచుకొంటుంటే బావగారు వచ్చారు.

"మజ్జిగ చెంబుతో నిలబడి ఉంటాను. ఆలస్యం చేశావో, నేనే తాగేస్తాను" అన్నారు.