షుగరు బిళ్ళలూ, కిడ్నీల భయమూ

"ఇన్నేళ్ళుగా ఈ బిళ్ళలు మింగుతుంటే కిడ్నీలు పాడైపోవూ?" ఈ మాట వినపడని ఇల్లు లేదర్రా! ఆ భయంతోనే మందు మానేసేవాళ్ళున్నారు. నిజానికి కిడ్నీని తినేసేది అదుపు తప్పిన షుగరూ, దానికి తోడైన బీపీ.

నిందలన్నీ మోసేది మెట్‌ఫార్మిన్. అది కిడ్నీని చెడగొట్టదు, కిడ్నీ గుండా బయటికి పోతుందంతే. కిడ్నీ నీరసిస్తే మందు ఒంట్లో పేరుకుని, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదముంది. అందుకే కిడ్నీ వడపోత సామర్థ్యాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 45 కన్నా తగ్గితే మోతాదు తగ్గిస్తారు, 30 దిగువకొస్తే ఆపేస్తారు.

పాతకాలపు గ్లిబెన్‌క్లమైడ్‌తో మరో చిక్కు. కిడ్నీ బలహీనమైతే దాని అవశేషాలు ఒంట్లోనే ఉండిపోయి షుగరు దభాలున పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, పెద్దవాళ్ళయితే మాట తడబడటం. ఇన్సులిన్‌నీ కొంత కిడ్నీలే అరగదీస్తాయి కాబట్టి, అవి దెబ్బతిన్నకొద్దీ పాత మోతాదే ఎక్కువైపోతుంది. అదే తిండి, అదే మందు, అయినా షుగరు తగ్గుతోందా? సంబరపడకండి, ముందు కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు నాకు భలే ఇష్టమైన కథ. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఫ్లోరిజిన్ అనే చేదు పదార్థాన్ని తీశారు. అది పుచ్చుకుంటే మూత్రంలో చక్కెర పోతుందని తర్వాత తేలింది. కిడ్నీలు రోజుకు దాదాపు 180 గ్రాముల చక్కెరను వడకట్టి, మళ్ళీ రక్తంలోకి చేర్చేస్తాయి. ఆ చేర్చడాన్ని ఫ్లోరిజిన్ అడ్డుకుంటుంది. దాని వారసులే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే గ్లిఫ్లోజిన్ మందులు. కిడ్నీకి అసలు మేలు చక్కెర పోవడంలో లేదు. పొలానికి నీరు ఉరవడిగా వస్తుంటే తూము కాస్త దించుతాం చూడండీ, అలా కిడ్నీలోని వడపోత గుత్తుల మీద ఒత్తిడిని తగ్గిస్తాయివి. అందుకే మొదట్లో ఈజీఎఫ్ఆర్ కొంచెం దిగుతుంది. అది చూసి బెదిరి మానేయకండి, డాక్టరుకు చూపించండి. 2020లో డపాగ్లిఫ్లోజిన్ మీద జరిగిన పెద్ద పరిశోధనలో షుగరు లేని కిడ్నీ రోగులకూ మేలు కనిపించింది. 2024లో సెమాగ్లుటైడ్ ఇంజెక్షను కూడా షుగరున్నవాళ్ళ కిడ్నీలను కాస్తుందని తేలింది.

ఈ గ్లిఫ్లోజిన్లతో మర్మావయవాల దగ్గర ఫంగస్ రావచ్చు, శుభ్రత ముఖ్యం. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే వీటినీ మెట్‌ఫార్మిన్‌నీ తాత్కాలికంగా ఆపాలి, వెంటనే డాక్టరును అడగండి.

ఏడాదికోసారి క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్ పరీక్ష తప్పక చేయించుకోండి. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, "నా కిడ్నీకి ఏ మందు నప్పుతుంది?" అని అడగండర్రా.