ఋతుక్రమం తప్పినప్పుడు నర్సమ్మ అడగవలసిన ప్రశ్నలు

నెలసరి సరిగా రాని ఆడపిల్లకు మన ఇళ్లలో లభించే తొలి ఓదార్పు, "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్న మాట. ఆ మాటతోనే విలువైన సంవత్సరాలు గడచిపోతాయి. సంతానం కలగలేదని ఆసుపత్రికి వెళ్లిన నాడు గాని పీసీఓఎస్ అనే పేరు చెవిన పడదు. సంతానయోగ్యమైన వయసులోని స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఈ రుగ్మత ఉన్నదనీ, వారిలో 70 శాతం వరకు ఆ సంగతే తెలియదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆసుపత్రిలో వైద్యుని కంటే ముందుగా ఆ పిల్లను పలకరించేది నర్సమ్మ. బరువు తూచేదీ, రక్తపోటు చూసేదీ ఆమెయే. తల్లితో చెప్పుకోలేని మాట కూడా ఆమెతో చెప్పుకొనే పిల్లలున్నారు. కనుక ఈ వ్యాధిని గూర్చి ఆమెకు సరియైన అవగాహన ఉండటం ఎంతో అవసరం.

బుడగల వ్యాధి కాదు

1935లో అమెరికాలోని షికాగో వైద్యులు స్టీన్, లెవెంతల్ ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలను వర్ణించారు. అండాశయంలో "నీటి బుడగలు" అని వ్యవహరిస్తున్నవి నిజానికి పక్వం కాక మధ్యలో ఆగిపోయిన అండకోశాలు. చాలామందిలో ఇన్సులిన్‌కు శరీరం సరిగా లోబడదు. అందువల్ల ఇన్సులిన్ మరింతగా స్రవించి, పురుష హార్మోనులను హెచ్చిస్తుంది. బుడగలని మాత్రమే నేర్చుకున్న నర్సు స్కానింగు కోసం ఎదురుచూస్తుంది. కాని రజస్వల అయి ఎనిమిదేళ్లు దాటని పిల్లలలో స్కానింగుతో దీనిని నిర్ణయించరాదని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అడగవలసినవి

1. రజస్వల అయి మూడేళ్లు దాటినా, నెలసరికీ నెలసరికీ 35 రోజులకు మించి ఎడం వస్తున్నదా? ఏడాదికి ఎనిమిది సార్ల కంటే తక్కువగా వస్తున్నదా?
2. గడ్డం, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు, మానని మొటిమలు ఉన్నాయా?
3. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లబడి మందమైనదా?
4. ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉన్నదా?
5. మనసు దిగులుగా ఉంటున్నదా?

సన్నగా ఉన్నవారికీ ఈ వ్యాధి రావచ్చును. "ముందు లావు తగ్గు" అని గద్దించి పంపితే ఆ పిల్ల మళ్లీ రాదు. నెలల తరబడి నెలసరి ఆగితే గర్భాశయపు లోపలి పొర మందమై, కాలక్రమాన క్యాన్సరు ప్రమాదం పెరుగుతుంది. మధుమేహ భయమూ ఉన్నది. అందుచేత థైరాయిడ్, చక్కెర పరీక్షలకై వైద్యుని వద్దకు పంపడం అవసరం.

ఆహారం, పథ్యం

దోషాలు మార్గాన్ని ఆవరించడం వల్ల ఆర్తవం నశిస్తుందని సుశ్రుత సంహిత చెప్పింది. అందుకు హితమైన ఆహారాలలో ఉలవలను, నువ్వులను పేర్కొన్నది. ఇవి మన వంటింటివే. అయితే ఇవి ఆహారమే గాని వైద్యానికి బదులు కావు. తీపి పానీయాలు, మైదా పదార్థాలు తగ్గించి, రోజూ అరగంటైనా వేగంగా నడవాలి. అధిక బరువున్నవారు 5 నుండి 10 శాతం తగ్గినా ఋతుక్రమం మెరుగుపడవచ్చును. చక్కెర వ్యాధి మందులు వాడుతున్నవారు మెంతులు, దాల్చినచెక్క మోతాదు పెంచే ముందు వైద్యునితో చెప్పాలి.

తల్లులు చేయదగిన పని ఒకటున్నది. గోడ క్యాలెండరులో పాలవాడి లెక్క రాసినట్లే, అమ్మాయి నెలసరి తేదీని చిన్న చుక్కతో గుర్తించండి. ఆరు నెలల చుక్కలు చూపితే, నర్సమ్మకు సగం సంగతి చెప్పినట్లే.