ఏ.ఎన్.ఏ. పాజిటివ్ అయితే రోగమేనా?

కీళ్లనొప్పులతో బేస్తవారిపేటలో నా వద్దకు వచ్చేవారి చేతిలో ఇటీవల తరచుగా ఒక కాగితం కనిపిస్తున్నది. దానిపై 'ఏ.ఎన్.ఏ. పాజిటివ్' అని ఉంటుంది. ఆ మాటకే ఇల్లిల్లంతా కలవరపడుతున్నది.

శరీర కణంలో కేంద్రకం ఉంటుంది. రోగక్రిములను ఎదుర్కొనవలసిన రక్షణ ద్రవ్యాలు కొన్ని దారితప్పి, మన కణకేంద్రకానికే అంటుకుంటాయి. వాటిని గుర్తించేదే ఈ పరీక్ష. 1:40 అంటే సీరంను 40 రెట్లు పలుచన చేసినా అవి కనిపించాయని అర్థం. రెండవ సంఖ్య పెరిగినకొద్దీ వాటి బలం ఎక్కువ.

1997లో పలు దేశాల ప్రయోగశాలలు కలిసి ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించగా, 1:40 వద్ద నూటికి సుమారు 32 మందికి, 1:160 వద్ద సుమారు ఐదుగురికి పాజిటివ్ వచ్చింది. వీరెవరూ రోగులు కారు. థైరాయిడ్ వ్యాధి ఉన్నవారిలోను, క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ వాడేవారిలోను కూడా ఇది పాజిటివ్ రావచ్చు. కనుక కేవలం ఈ ఫలితాన్ని చూసి మందు మొదలుపెట్టడం తగదు. నెలనెలా ఇదే పరీక్ష మళ్లీ చేయించడం డబ్బు దండగ. రోగం హెచ్చుతగ్గులను ఇది తెలుపదు.

కానీ ఎండకు చెక్కిళ్లపై ఎర్రని మచ్చలు, నోటిపూత, విడువని జ్వరం, మూత్రంలో నురుగు, కాళ్లవాపు కూడా ఉంటే లూపస్‌ను అనుమానించాలి. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అట్టివారు వెంటనే మూత్రపరీక్ష, డి.ఎస్.డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకుని, హైదరాబాదు నిమ్స్‌లో ఉన్నటువంటి రుమటాలజీ విభాగానికి వెళ్లాలి. నోరు, కళ్లు ఎప్పుడూ పొడిబారడం, చలికి వేళ్లు తెల్లబడి నీలమవడం కూడా చెప్పదగిన లక్షణాలే.

మార్కాపురం పలకల గనుల్లో, పలకలు కోసే చోట దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసినవారిని నేను విడిగా ప్రశ్నిస్తాను. పని మానేసి చాలాకాలమైతే ఇంట్లోవారు ఆ సంగతి చెప్పనే చెప్పరు. రాతిదుమ్ములోని సిలికా ఊపిరితిత్తులనే కాక, రక్షణశక్తిని కూడా చెదరగొడుతుంది. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా రాళ్లు చెక్కేవారిలో కనిపిస్తున్నదని ఎడింబరో వైద్యుడు బ్రామ్‌వెల్ 1914లోనే రాశారు. అట్టి వృత్తి చేసినవారు ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించుకోవాలి. ఇక కనిగిరి వైపు బోరునీటి ఫ్లోరైడ్ వల్ల నడుము బిగిసినవారికి ఈ పరీక్షతో నిమిత్తం లేదు, పరీక్షించవలసింది నీటిని.

గృహవైద్యం విషయంలో ఒక హెచ్చరిక. వ్యాధినిరోధక శక్తికని కరోనా కాలంలో తిప్పతీగ కషాయం విపరీతంగా తాగారు. అది వాడినవారిలో స్వీయరక్షణ దోషం లక్షణాలతో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దానితో ఏకీభవించలేదు. అయినా స్వీయరక్షణ వ్యాధి ఉన్నవారికి తిప్పతీగ, అశ్వగంధ నేను ఇవ్వను. రక్షణశక్తి దారితప్పినచోట దానిని ఇంకా రెచ్చగొట్టడం దేనికి?

మాధవ నిదానంలో చెప్పిన ఆమవాతానికి శొంఠి వేసి కాచిన గోరువెచ్చని నీరు, తేలిక ఆహారం, రాత్రి పెరుగు మానడం మేలు చేస్తాయి. లూపస్‌కు వైద్యులిచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను గాని, స్టెరాయిడ్‌ను గాని వీటిని నమ్మి ఒక్కరోజు కూడా ఆపవద్దు.